నీలం ఎంత దిగింది

మూడయింది. ఇంకా గంట. గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుంటుందని ఆమెకు తెలుసు, అయినా ముందు దాన్నే చూసింది, తర్వాత చేతి గడియారం చూసుకుంది, తర్వాత బల్ల మీద వరసగా ఉన్న ఇరవై చిన్న సీసాల వైపు చూసింది. ఒక్కో సీసాలో ఒక్కో పన్ను, నీలం నీళ్ళలో. నిన్న నాలుగింటికి వేసింది, ఇవాళ నాలుగింటికి తియ్యాలి, ఒక్క నిమిషం ముందు తీసినా పరీక్ష చెల్లదు. ఎవరి పళ్ళో ఇవి. క్లిప్పులు వేయించుకోవడానికి చోటు లేక పీకించుకున్న పిల్లలవి కొన్ని, ఇక వద్దనుకున్న పెద్దవాళ్ళవి కొన్ని. కడిగి, గీకి, నడిమధ్య గొయ్యి చేసి, ఆ గోతిలో తెల్లటి టెంపరరీ సిమెంటు కూరింది. రూట్ కెనాల్ ఒక పూటలో అవదు కదా, ఇవాళ లోపల శుభ్రం చేస్తారు, వారానికి రమ్మంటారు, ఆ వారం రోజులూ లోపలికి ఉమ్మి దిగకుండా పైన ఈ సిమెంటు మూతలా పెడతారు. వారమే దాని ఆయుష్షు, మళ్ళీ వచ్చినరోజు డాక్టరే దాన్ని తవ్విపారేస్తాడు. ఆ వారమైనా అది గట్టిగా నిలబడుతుందా లేదా అన్నదే ఆమె చూడాల్సింది. సిమెంటు చుట్టూ మిల్లీమీటరు వదిలి పన్నంతటికీ గోళ్ళరంగు రెండు పూతలు వేసి నీలంలో పడేస్తే, మంచి సిమెంటయితే నీలం పైనే ఆగిపోతుంది, కాకపోతే గోడ పక్కనుంచి దొంగలా కిందికి జారుతుంది. నిలువునా కోసి చూస్తే తెలిసిపోతుంది. దిగకపోతే సున్నా, అడుగు దాకా దిగితే మూడు. మధ్యలో ఒకటి, రెండు. చదువురానివాడికి చూపించినా చెప్పగలడు ఎంత దిగిందో.

గోళ్ళరంగు ఎర్రది. ఎప్పుడూ ఎర్రదే కొంటుంది, పూత ఎక్కడ పడిందో ఎక్కడ పడలేదో బాగా కనిపిస్తుందని. ఒకేసారి ఆరు సీసాలు కొంటుంటే దుకాణం ఆవిడ ఆమె బోసి గోళ్ళు చూసి, కూతురికా అనేది, అవునని చెప్పేది, లేని కూతురికి ఇన్నేళ్ళలో ఎన్ని సీసాలు కొన్నదో. పళ్ళకి అని చెప్తే ఏమనుకుంటుందో అని. పళ్ళంటే ఎప్పుడూ చిక్కే. ఉద్యోగం దొరికిన కొత్తలో పక్కింటావిడ, ఎక్కడమ్మా పని అంటే, పళ్ళ ల్యాబులో అంది, ఆవిడ వారం తిరక్కుండా ఒక మచ్చపడ్డ యాపిల్ పట్టుకొచ్చి ఇందులో మందు కొట్టారేమో చూసి చెప్పమ్మా అంది. తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటినుంచీ వాడికదే పాట, మా అక్కదీ పళ్ళ వ్యాపారమే, నాదీ పళ్ళ వ్యాపారమే, కాకపోతే నావి కుళ్ళితే పారేస్తారు, ఆవిడవి కుళ్ళాకే చేతికొస్తాయి. పెద్ద పళ్ళ మార్కెట్టులో వేలం పాడేది వాడు. అందరూ మైకు అని పిలిచేవాళ్ళు. అసలు పేరుతో పిలిస్తే వాడే పలికేవాడు కాదు. నాలుగు షెడ్ల అవతల నిలబడ్డవాడికి కూడా వాడి పాట వినబడాల్సిందే, నిజం మైకు పెట్టినరోజున వర్తకులు చెవులు మూసుకుని తీసెయ్యమన్నారట.

ఫోను ఒకసారి వణికింది. వాడే. కింద గొంతు డాక్టరు దగ్గర వరసలో ఉన్నాడు పొద్దున్నుంచీ. "అయిపోయింది. పైకి రానా." ప్రశ్న గుర్తు పెట్టడు వాడు, మాట్లాడినప్పుడు దీర్ఘం తీసేవాడు కదా, రాతలో అది ఎలా పెట్టాలో తెలియదు. ఆమె ఫోను బోర్లించింది. పైకి వస్తే ఈ సీసాలు చూస్తాడు. చూస్తే అడుగుతాడు. రానీ, వద్దు, రానీ. కిటికీ అవతల మెట్ల మీద తెల్లకోట్ల పిల్లలు ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు. నవ్వితే అన్నీ కనబడతాయి, ఎవరికి ఎక్కడ అరిగిందో, ఎవరు నిద్రలో పళ్ళు కొరుకుతారో. ఇరవై రెండేళ్ళుగా ఆమెకు మనుషుల నవ్వు నవ్వులా కనపడలేదు.

మొదటిసారి చేసినప్పుడూ ఇదే బల్ల, ఇవే సీసాలు. ఏడాదిన్నర అయింది. కొత్త సిమెంటు, తెల్ల డబ్బా, ఏ కంపెనీవాళ్ళో పంపారు, పెద్దసారు స్వయంగా తెచ్చి బల్ల మీద పెట్టి, ఇది మన దగ్గర నెగ్గితే మన క్లినిక్ అంతటా ఇదే, అన్నారు. చేసింది. కోసింది. ఇరవైలో పదకొండు, అడుగు దాకా నీలం. ఇంకు పెన్నుతో తీసిన గీతలా ఉంది ఒక్కోదాంట్లో. కాగితం పట్టుకెళ్ళి ఇస్తే ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, పూత సరిగా పడలేదేమో, మళ్ళీ చూడమ్మా, అన్నారు. మళ్ళీ చూసింది. పదకొండే. రంగు మరీ చిక్కగా కలిపావేమో, ఇంకోసారి చూడు. భూతద్దం కింద పెట్టి చూసింది, పదకొండే, కానీ ఈసారి రెండింటి దగ్గర కాస్త ఆగింది, ఇది అడుగేనా, అడుగుకి వెంట్రుకవాసి పైన కదా. మూడోసారి ఆయన అలసిపోయినట్టు, నీ కన్ను మీద నాకు నమ్మకమమ్మా, నువ్వే ఒకసారి నిదానంగా చూడు, అన్నారు. నిదానంగా చూసింది. నిదానంగా చూస్తే ఏదైనా వేరేలా కనపడుతుంది. మూడున్నచోట ఒకటి పడింది, ఇంకోచోట రెండు, పదకొండు కాస్తా నాలుగయింది. ఆయన మార్చు అనలేదు. ఆ మాట ఆయన నోట రానేలేదు. ఇన్ని నెలలూ ఎన్నిసార్లు తవ్వుకున్నా, ఆ మాట కోసం వెతికి వెతికి, దొరికితే ఎంత బాగుండును, దొరకలేదు. పాత కాగితం ఆమే చింపింది. కొత్త కాగితం మీద రాత ఆమెదే, సంతకం ఆమెదే. ఆయన చేతికి మసి అంటలేదు.

ఆ పరీక్ష ఏదో పత్రికలో అచ్చయింది. చివర, చిన్న అక్షరాల్లో, సాంకేతిక సహాయం చేసినందుకు కృతజ్ఞతలు అని ఆమె పేరు. జీవితంలో పేరు అచ్చులో చూసుకోవడం పెళ్ళి శుభలేఖ తర్వాత అదే. తమ్ముడికి చూపించడం ఆమె చేసిన పిచ్చిపని. వాడు దాన్ని మార్కెట్టుకి పట్టుకెళ్ళి, నారింజల పాట మధ్యలో ఆపి, మా అక్క పేరు పుస్తకంలో పడిందని నాలుగు షెడ్లకీ వినపడేలా చెప్పాడు. ఎవడో ద్రాక్షగుత్తి చేతిలో పెట్టి పంపాడట. ఆ ద్రాక్షలు తింటూ ఆమె తీపి తీపిగానే ఉందనుకుంది. గొంతు దిగడానికి అప్పుడేమీ కష్టం కాలేదు, రెండో గుత్తి కూడా ఉంటే తినేసేది.

తలుపు చప్పుడయింది. పెద్దసారు. ఆయన నడక ఎప్పుడూ అంతే, పిల్లి నడక. సీసాల ముందు వంగి చూశారు, నుదుటి మీద చెయ్యి పెట్టకుండానే జ్వరం ఎంతుందో చెప్పేవాడిలా.

"పూత బాగా పట్టించావా అమ్మా? కాస్త ఉదారంగానే వెయ్యమన్నాను."

"వేశాను సార్."

"మంచిది. నాలుగింటికి కమిటీ డాక్టరమ్మ వస్తారు. బయటి కాలేజీ ఆవిడ, ఏమీ తెలియదు మన సంగతి. నువ్వు కొయ్యి, నువ్వే చదువు, ఆవిడ రాసుకుంటారు." తలుపు దగ్గరికి వెళ్ళి ఆగారు. "తమ్ముడి ఆపరేషను తేదీ వచ్చినట్టుంది?"

"పందొమ్మిది సార్. వచ్చే నెల."

"నా సంతకంతోనే కదా ఇచ్చారు. ప్రత్యేకంగా అడిగాను. పాపం, గొంతు మీద బతికేవాడు." తలుపు మెత్తగా వేసి వెళ్ళిపోయారు.

అంతే. బెదిరించాడని ఎవరికి చెప్పుకోవాలి. అందులో ఏ మాట తప్పు. తియ్యగా మాట్లాడేవాడితో తగువుపడడం తేనెపట్టుతో తగువుపడినట్టే. ఉదారంగా అంటే ఏమిటో ఆమెకు తెలుసు, సిమెంటు అంచు మీదికి కూడా కాస్త ఎరుపు జరిపితే చాలు, నీలానికి దారే ఉండదు, ఇరవైకి ఇరవై సున్నాలు. నిన్న మొదటి పన్ను చేతిలో పట్టుకున్నప్పుడు కుంచె అంచు దాకా వెళ్ళింది కూడా. పట్టుకారు మధ్య ఆ పన్ను చిన్నదిగా, పసుపుగా, ఎవరో మనిషిదిగా కనపడింది, ఆమె చెయ్యి ఎందుకు వెనక్కొచ్చిందో ఆమెకే తెలియదు. ధైర్యం కాదది. ఇంకోసారి నిదానంగా చూసే ఓపిక లేకపోయింది, అంతే. ఇరవయ్యింటికీ మిల్లీమీటరు వదిలింది, కొలిచినట్టు. అప్పటినుంచీ తేలు కుట్టిన దొంగలా ఉంది. నీలం దిగుతుంది. ఇప్పుడు, తను ఇక్కడ కూర్చుని ఉండగానే, దిగుతోంది. దిగితే పాత కాగితం అబద్ధమని తేలుతుంది, పాత కాగితం తనది.

ఆ సిమెంటు పెట్టించుకున్న మరో ఇద్దరికి కూడా దవడ వాచిందని ఒక చిన్న డాక్టరు పట్టుబట్టకపోతే, దాన్ని మళ్ళీ పరీక్షించే ఈ కమిటీ కూడా ఉండేది కాదు. తమ్ముడొక్కడితో అయితే సరిపెట్టేసేవాళ్ళు, షుగరు మనిషి, చెప్పినరోజుకి రాలేదు, అని. రాలేదా. వారానికి వచ్చాడు, డాక్టరు సెలవు. మళ్ళీ వారానికి వచ్చాడు, కుర్చీ ఖాళీ లేదు. మూడో వారం వాచింది. ఆ మొదటిరోజు ఆమె పక్కనే నిలబడింది. వాడు కుర్చీలో పడుకుని, కళ్ళజోడు తీసి ఆమెకిచ్చి, ఒక చేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు, నలభై ఏళ్ళవాడు, నాలుగు షెడ్లు దడదడలాడించేవాడు, సూదంటే భయం. లోపల శుభ్రం చేయడం అయింది. నర్సు పళ్ళెం తెచ్చింది. పళ్ళెంలో తెల్ల డబ్బా. ఆమె చూసింది. మూత తీసింది నర్సు. పాత సిమెంటుకుండే లవంగనూనె వాసన కాదు, ఈ కొత్తదానికి ఏ వాసనా ఉండదు. వేరేది వాడండి అనాలి. రెండే మాటలు. అంటే ఎందుకంటారు. ఎందుకంటే ఏం చెప్పాలి. నర్సు గరిటె కొసతో చిటికెడు తీసింది, ఉండ చేసింది. మనకి జరుగుతుందా ఏమిటి, తొమ్మిది కారలేదు కదా, వారమే కదా. డాక్టరు నొక్కాడు. తడిదూదితో తుడిచాడు. అయిపోయింది లేవండి, అన్నాడు. ఆరేడు క్షణాలు పట్టిందేమో మొత్తం. లేచి వాడు, నొప్పే తెలియలేదక్కా, అన్నాడు, నీ చోటు కాబట్టి ఇంత బాగా చూశారు, అన్నాడు. ఆమె కళ్ళజోడు తుడిచి ఇచ్చింది.

దవడ కింద వాపు మెడ మీదికి దిగి, నాలుక పైకి లేచి, ఊపిరి అందక ముఖం రంగు మారుతుంటే గొంతుకు ముందువైపు చిల్లు చేసి గొట్టం పెట్టారు. బతికాడు. పందొమ్మిది రోజులు యంత్రం మీద ఉండి బతికాడు. లోపల దారి ముడుచుకుపోయిందట, గొట్టం తీస్తే ఊపిరి ఆడదు, ఆపరేషను చేస్తే సగం గొంతయినా రావచ్చునంటున్నారు. ఇప్పుడు మాట్లాడాలంటే గొట్టం మూతి మీద వేలు పెట్టుకోవాలి, నాలుగు మాటలకోసారి వేలు తీసి గాలి పీల్చాలి. మార్కెట్టులో వాడి చోట ఇంకెవరో పాడుతున్నారు, వీడు పక్కన కూర్చుని చీటీలు రాస్తాడు. చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ వేలు పెట్టుకుని ఒకటే చెప్పేవాడు, అక్క ఉంది కాబట్టి బతికాను. ఆమె పక్కగదిలోకి వెళ్ళిపోయేది. సిగ్గుపడుతోందనుకునేవాళ్ళు.

మూడుంపావు దాటింది, మూడున్నర కావస్తోంది. తలుపు తోసుకుని తమ్ముడు వచ్చాడు. జవాబు రాకపోతే వస్తాడని తెలుసు. మెడకి చుట్టుకున్న తెల్లబట్ట సర్దుకుని, ఎత్తు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. కాసేపు సీసాలు చూశాడు, వేలు పెట్టుకున్నాడు.

"ఇవేనా నీ పళ్ళు."

"ఇవే."

"నీలం ఎందుకు."

చెప్పింది. కొత్త విద్యార్థులకు చెప్పినట్టే చెప్పింది, గొయ్యి, సిమెంటు, పూత, నీలం, సున్నా, మూడు. వాడు వింటూ ఒక సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు, నారింజ తొడిమ చూసినట్టు.

"నాకు పెట్టింది ఇదేనా."

"ఇదే."

"అప్పటికి ఈ పరీక్ష అయిందా."

లేదు అనొచ్చు. రెండక్షరాలు. వాడు నమ్ముతాడు, నమ్మడానికే పుట్టాడు. లేదు అని పందొమ్మిదో తేదీ దాకా లాక్కుపోవచ్చు. "అయింది," అంది.

"ఏం తేలింది."

"పదకొండు కారాయి. నేను నాలుగని రాశాను."

వాడు వేలు తీసేశాడు. గొట్టంలోంచి గాలి మాత్రం వచ్చింది, పోయింది. సీసాని దాని చోటనే పెట్టాడు, వరస చెడకుండా. కింద మెట్ల మీద పిల్లల నవ్వు ఆగిపోయి చాలాసేపయినట్టుంది.

"నాకు పెట్టేటప్పుడు నువ్వు చూశావు."

"చూశాను."

"సారు చెప్పారురా," అంది తర్వాత, తన చెవికే వినపడనంతగా.

"ఏమని."

"మళ్ళీ చూడమని."

"చూడమన్నాడు. అంతేగా." గాలి పీల్చుకున్నాడు. "పైన మంచివి పేర్చి కింద కుళ్ళినవి పెట్టడం మార్కెట్టుకి కొత్తేం కాదు. పెట్టినవాణ్ణి నేనేమీ అనను." వేలు తీశాడు, మళ్ళీ పెట్టాడు. "పాటకి ముందు బుట్ట తిరగేసి చూపిస్తాను. అదే నా పని. నువ్వూ తిరగేశావు." మళ్ళీ గాలి. "చూశావు. చూసి మళ్ళీ పేర్చావు."

అంత పొడుగు మాట వాడు నెలల తర్వాత మాట్లాడాడు. ముఖం చెమటపట్టింది. ఆమె రుమాలు తీసింది, వాడు తీసుకోలేదు.

"నాలుగింటికి ఉన్నది ఉన్నట్టు చదువుతాను," అంది. "చదివితే నీ ఆపరేషను ఆపేస్తారేమో. నువ్వు వద్దంటే..."

"అది కూడా నా నెత్తినే పెడతావా అక్కా."

లేచాడు. స్టూలు ఎక్కడినుంచి లాగాడో అక్కడ పెట్టాడు. తలుపు వేసుకుంటూ వెళ్ళాడు. అరిచి ఉంటే బాగుండేది. ఇదివరకటి గొంతుతో అరిచి ఉంటే ఈ అంతస్తంతా పోగయ్యేది, అందరి ముందూ నాలుగు తిని ఉంటే ఆమెకు కాస్త తేలికపడేది. అరిచే గొంతు కూడా వాడికి లేకుండా చేసి కూర్చుంది తను. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఏడ్చేవాళ్ళు వేరే ఉంటారు, దెబ్బతిన్నవాళ్ళు. కొట్టిన చెయ్యి ఏడిస్తే ఎవడు చూస్తాడు. సీసాల మూతలు ఒక్కోటీ వదులు చేసి పెట్టింది, గుడ్డ తడిపి పరిచింది, కోసే చక్రానికి నీటిగొట్టం తగిలించింది, నాలుగు కావడానికి ఇంకా పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ ఏమీ ఆలోచించలేదు. ఆలోచించలేదనే అనుకుంది. పంపులోంచి పడే చుక్కలు లెక్కపెడుతూ నూట నలభై దగ్గర తప్పిపోయింది.

కమిటీ డాక్టరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. సన్నటి మనిషి, చేతిలో అట్ట, దానికి బిగించిన కాగితం. వెనకే పెద్దసారు. ఆమె తన సీసాల్లోంచి మొదటి పన్ను తీసి కడిగింది. ఎర్రపూత గీకేసింది. చక్రం మొదలయింది, ఆ చప్పుడులో ఎవరూ మాట్లాడక్కర్లేదు. పన్ను రెండు చెక్కలయింది. భూతద్దం కింద పెట్టక్కర్లేకుండానే కనపడుతోంది. "మూడు," అంది. రెండోది రెండు. మూడోది మూడు. పెద్దసారు నాలుగోదాని దగ్గర గొంతు సవరించుకుని, "నిదానంగా చూడమ్మా," అన్నారు. ఆమె నిదానంగా చూసింది. "మూడు," అంది, పన్ను చెక్క తీసి డాక్టరమ్మ అరచేతిలో పెట్టింది. ఇరవై అయ్యేసరికి పదమూడు మూళ్ళు.

డాక్టరమ్మ పాత కాగితం తిరగేసింది. "ఇందులో నాలుగే ఉన్నాయి. ఇది ఎవరు రాశారు?"

"నేనే అండి. పదకొండు చూశాను, సారు మళ్ళీ మళ్ళీ చూడమన్నారు, నాలుగని రాశాను."

"నా చేతికొచ్చిన కాగితం నేను నమ్మాను," అన్నారు పెద్దసారు, బాధగానే. "అనుమానం వస్తే మళ్ళీ చూడమనడం నా బాధ్యత. కాదంటారా డాక్టర్?"

డాక్టరమ్మ కాదనలేదు. కాదనడానికి ఏముంది. కాగితం మీద ఆయన లేడు. ఆవిడ చకచకా రాసింది, తల ఎత్తకుండానే ఆ డబ్బాలన్నీ ఇవాళే క్లినిక్కులోంచి తీసెయ్యమంది, ఇదివరకు పెట్టినవాళ్ళందరినీ వెనక్కి పిలిపించమంది, తర్వాత అట్ట ఆమె ముందుకు తోసింది. మొదటి పరీక్షలో ఫలితాలు టెక్నీషియన్ మార్చి నమోదు చేసినట్టు స్వయంగా అంగీకరించారు. చదువుకుంది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కడుపు మండేది అక్కడే. సంతకం పెట్టింది. రేపటినుంచి రావద్దని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం ఎవరికీ లేదు. పెద్దసారు వెళుతూ, "ఆ పందొమ్మిదో తేదీ సంగతి కూడా ఒకసారి చూడాలి," అన్నారు, తనలో తను అనుకున్నట్టు.

కింద గొంతు డాక్టరు గది ముందు బెంచీ మీద తమ్ముడు లేడు. గేటు దాటితే బస్‌స్టాపులో కనపడ్డాడు, స్తంభానికి ఆనుకుని. ఆమె నాలుగడుగుల దూరంలో ఆగింది. పందొమ్మిది పోయినట్టే అని చెప్పాలి. చదివాను అని చెప్పాలి. ఏది ముందు చెప్పినా రెండోది దానికి సాకులా వినపడుతుంది. బస్సు వచ్చింది. వాడు ముందు తలుపు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు, పక్క సీటులో తన సంచీ పెట్టాడు. ఆమె రెండు వరసల వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది, వాడి మెడ వెనక బట్ట ముడి కనపడేంత దూరంలో. ఆ ముడి పొద్దున తనే వేసింది. ఈ దారిలో ఇద్దరి టికెట్టూ ఎప్పుడూ వాడే తీస్తాడు, అక్క చేత డబ్బులిప్పిస్తే పరువు పోతుందని వాడి పట్టింపు. గొట్టం పెట్టాక నోటితో చెప్పలేక రెండు వేళ్ళు చూపించేవాడు.

కండక్టరు తెలిసినవాడే. "ఇద్దరేగా," అంటూ రెండు చింపబోయాడు.

తమ్ముడు తల అడ్డంగా తిప్పి ఒక వేలు చూపించాడు.

కండక్టరు ఒకసారి వాణ్ణి చూసి, ఒకసారి వెనక్కి ఆమెను చూసి, ఒకటే చింపి ఇచ్చాడు. మనుషుల్ని తోసుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. "మీకు ఎక్కడికమ్మా?"

"అతను దిగేచోటికే," అంది.